కానిషాయ్‌కు అందిన మద్దతు

తాష్-కుంగెయ్ జిల్లా యావత్తూ కానిషాయ్‌కు సంపూర్ణ మద్దతు ఇచ్చిందని ముందుగా ప్రకటించడమైనది. ఈ విషయంలో ఎవరికీ సందేహం అక్కర్లేదు. జిల్లా కార్యాలయంలో ఇందుకు రుజువుగా నాలుగు ఫొటోలు, ఒక వీడియో ఉన్నాయి. ఫొటోలు గోడకు తగిలించారు. వీడియో మాత్రం ఎవరికీ చూపించరు.

కానిషాయ్ ఉన్ని కొనుగోలు కేంద్రంలో మూటలు ఎత్తే మనిషి. వయసు ముప్పై నాలుగు. పగలంతా మూటలు ఎత్తి, పని దిగాక బడి వ్యాయామశాలకు పోయి మనుషుల్ని ఎత్తేది. అలిష్ కుస్తీలో నడుముకు కట్టిన గుడ్డ పట్టీని పట్టుకున్నాక వదలకూడదు. వదలకుండానే ఎదుటి మనిషిని వీపు మీద పడెయ్యాలి. పదకొండేళ్లుగా నారిన్ ప్రాంతంలో ఆమె పట్టీ పట్టిన ఏ ఆడమనిషీ ఆ రోజు ఆకాశం చూడకుండా ఇంటికి పోలేదు. ఈ సంగతి జిల్లాలో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

ఆ వేసవిలో సరిహద్దు అవతలి కజాన్ నగరం నుంచి ఆహ్వానం వచ్చింది. పద్నాలుగు దేశాల ఆడవాళ్లు పాల్గొనే పోటీ. ముప్పై ఐదు నిండినవాళ్లకు ప్రవేశం లేదు. కానిషాయ్‌కు వచ్చే మార్చిలో ముప్పై ఐదు నిండుతాయి.

ఆమెకు కుస్తీ నేర్పిన మామ్‌బెత్ అగాయ్, బడిలో వ్యాయామం చెప్పి రిటైరైన మాస్టారు, ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పోవాల్సిందే అమ్మాయ్. ఇది దాటిందా, ఇంక నీకు ఉన్ని మూటలతోనే కుస్తీ. వాటికి ఓడిపోవడం కూడా చేతకాదు."

"టికెట్టు ఎవరిస్తారు అగాయ్?"

"ప్రభుత్వం ఉంది కదే!" అన్నాడాయన. అరవై ఎనిమిదేళ్ల వయసులోనూ ఆయనది పసిమనసు.

ప్రభుత్వం నిజంగానే ఉంది. జిల్లా కార్యాలయం రెండో అంతస్తులో, ఎడమ చేతి వైపు మూడో గదిలో ఉంది. క్రీడల విభాగం ఇన్‌స్పెక్టరమ్మ కానిషాయ్‌ను ఆప్యాయంగా కూర్చోబెట్టి, నూనెలో వేయించిన బోర్సోకులు పెట్టి, అంతర్జాతీయ అనుభవం ఉందా అని అడిగింది.

"లేదండీ. దానికోసమే పోతానంటున్నా."

"అనుభవం లేనివాళ్లకు సాయమిచ్చే పద్ధతి లేదమ్మా. ఒకసారి పోయి, గెలిచి రా. అప్పుడు వెళ్లడానికి అప్లికేషన్ పెట్టుకుందువు గాని."

ఇందులో తర్కం ఎక్కడా తప్పలేదు గనక కానిషాయ్ బోర్సోకులు తిని లేచింది.

తరువాత మద్దతు దోలోత్‌బెక్ గారి నుంచి వచ్చింది. ఈయన సీసాల్లో నీళ్లు నింపి అమ్మే పెద్దమనిషి. ఆ ఏడే కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడ్డారు. రెండు సంగతులకూ సంబంధం లేదని ఆయనే స్వయంగా చెప్పారు. "చెల్లీ, ఇక నీ బాధ్యత నాది" అని ఊరంతా పోస్టర్లు వేయించారు. పోస్టరులో ఆయన ముఖం గుమ్మడికాయంత ఉంది. ఆయన మోచేతి కింద పట్టీ కట్టుకుని, నీళ్ల సీసా పట్టుకున్న ఒక అమ్మాయి నవ్వుతోంది. కానిషాయ్ తన ఫొటోలో నవ్వలేదు కాబట్టి, నవ్వగలిగిన అమ్మాయిని ఎక్కడి నుంచో తెప్పించారు. కింద పేరు మాత్రం కానిషాయ్‌దే.

పోస్టర్లు అంటించిన మర్నాటి నుంచి జిల్లా ప్రజలు నిశ్చింతగా నిద్రపోయారు. అమ్మాయి బాధ్యత ఎవరో తీసుకున్నారు. పక్కింటి పెద్దావిడ ఐమ్‌కుల్ అపా గోడ మీదినుంచి తొంగిచూసి, "విమానంలో పడుకునే సీటిచ్చారటగా! అదృష్టం అంటే నీదేనే" అంది. కానిషాయ్ చేతిలో అప్పుడు చీపురు ఉంది.

పోటీకి తొమ్మిది రోజులు ఉందనగా జిల్లా పాలకుడు, అకీమ్ జుమాకాదిర్ సాదికోవిచ్ గారే రంగంలోకి దిగారు. వీడ్కోలు విందు ఏర్పాటు చేశారు. గుర్రప్పందాల మైదానంలో యుర్తా అనే ఉన్ని గుడారం వేశారు, గుర్రాన్ని కోశారు. ఆ కార్యక్రమంలో ఏమీ ఆశించకుండా మద్దతిచ్చింది ఆ గుర్రం ఒక్కటే.

యుర్తాలో కూర్చున్నవారిలో వయసులో చిన్న ఆడది కానిషాయే కావడంతో, ఆచారం ప్రకారం టీ పోసే పని ఆమెకే పడింది. కాబట్టి సన్మానితురాలు టీ నీళ్లు కాగే సమోవార్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గిన్నెలు నింపుతూ, తన గొప్పతనం గురించి ఏడు ఉపన్యాసాలు విన్నది. మధ్యలో ఒకాయన, "ఆ వీరవనిత ఏదీ, ఇంకా రాలేదా?" అని అడిగి, ఆమె చేతిలోంచే గిన్నె అందుకున్నాడు.

అకీమ్ గారు లేచారు. "మిత్రులారా! క్రీడాకారిణి అంటే ఎవరు? ఒక వ్యక్తి కాదు. ఒక జిల్లా! ఆమె చేయి లేస్తే మన కొండలు లేస్తాయి. ఆమె పడితే..." ఇక్కడ ఆయన కాగితం తిప్పారు. "ఆమె పడదు! ఎందుకంటే వెనక మేమున్నాం!" చప్పట్లు మోగాయి. ఆయన కోటు జేబులోంచి ఒక కవరు సగం పైకి తీసి, కజాన్ టికెట్టు అందరికీ చూపించి, మళ్లీ లోపల పెట్టుకున్నారు.

"ఇచ్చేముందు ఒక ఫొటో తీసుకుందాం. నేనూ విద్యార్థిగా ఉన్నప్పుడు పట్టీ పట్టినవాణ్ణే."

యుర్తా ముందు కంబళి పరిచారు. అకీమ్ గారి పొట్టకు పట్టీ చాలక రెండు పట్టీలు ముడేశారు. ఇద్దరూ ఒకరి పట్టీ ఒకరు పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరు, "కొంచెం కదలండి సార్, బొమ్మల్లా ఉన్నారు" అన్నాడు. అకీమ్ గారు కదిలారు. కదలడంలో ఉత్సాహం పుట్టింది. ఉత్సాహంలో గుంజారు. కానిషాయ్ కదల్లేదు.

ఆయన ఆమె చెవి దగ్గర నవ్వుతూ, పళ్ల సందులోంచి అన్నారు: "పడవే పిల్లా. జనం చూస్తున్నారు. టికెట్టు నా జేబులో ఉంది."

పక్కనుంచి మామ్‌బెత్ అగాయ్ గొంతు వినిపించింది. "పడిపో అమ్మాయ్. ఒక్కసారికి పడిపో. నీకు నమస్కారం పెడతా."

ఆ క్షణంలో కానిషాయ్‌కు పదకొండేళ్లు గుర్తుకు రాలేదు, దేశం గుర్తుకు రాలేదు. మోకాళ్లు మాత్రం నొప్పెడుతున్నాయి. పొద్దుటి నుంచి టీ పోస్తోంది. పడటానికి ఎంతో అక్కర్లేదు, మడమ కాస్త వదిలితే చాలు. నిజంగానే వదలాలని చూసింది. మడమ వినలేదు. అకీమ్ గారు ఇంకోసారి గుంజారు. ఆమె నడుము తిప్పింది.

జిల్లా పాలకుడొకరు అంత త్వరగా ప్రజల స్థాయికి దిగి రావడం తాష్-కుంగెయ్ చరిత్రలో అదే మొదటిసారి. ఆయన తన చుట్టూ తాను తిరిగి, వెనకే ఉన్న పులిసిన గుర్రప్పాల కుమిస్ తొట్టిని తన్నుకుని, కంబళి మీద వెల్లకిలా పడి ఆకాశం చూశారు. ఎవరూ నవ్వలేదు. తొట్టిలోంచి పాలు కారుతున్న చప్పుడు మాత్రం వినపడింది. తరువాత వెనక వరసలో ఒక ముసలాయన అలవాటు కొద్దీ, "పాయింటు!" అన్నాడు.

"నన్ను క్షమించండి" అంది కానిషాయ్, చేయి అందిస్తూ. ఆయన ఆ చేయి పట్టుకోలేదు.

వేదిక నునుపుగా ఉండటం వల్ల అకీమ్ గారి కాలు జారిందని సాయంత్రానికి ప్రకటన వచ్చింది. మర్నాడు సాంకేతిక కారణాల వల్ల టికెట్టు రద్దయిందని రెండో ప్రకటన వచ్చింది. కానిషాయ్ ఉన్ని కేంద్రం వెనక్కి పోయి, మూటల మధ్య కూర్చుని ఏడ్చింది. వెతుక్కుంటూ వచ్చిన అగాయ్ పక్క మూట మీద కూర్చుని, "పడేసిన తీరు మాత్రం తప్పుపట్టలేం. ఎడమ కాలు ఇంకొంచెం లోపలికి పోవాల్సింది" అన్నాడు. ఏడుస్తున్నదల్లా నవ్వేసింది.

కజాన్‌కు పనికోసం పోయేవాళ్లను మోసే బస్సొకటి ఉంది. దాని డ్రైవరు తాలాయ్ దగ్గరికి ఇద్దరూ పోయారు.

"సీటు లేదక్కా" అన్నాడతను. "మూటలు ఎక్కించి దించే మనిషి మాత్రం మొన్నే మానేశాడు."

కానిషాయ్ బస్సు వెనకున్న మూటల గుట్టను చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ తనకు తెలిసిన పనే. "ఎక్కిస్తా" అంది.

అలా మూడు పగళ్లు ఆమె బస్సు మెట్టు మీద, ఎండిన జున్ను ఉండలు చప్పరిస్తూ ప్రయాణం చేసింది. సరిహద్దు దగ్గర సోదా కోసం మూటలన్నీ దించింది, మళ్లీ ఎక్కించింది. ఇటుకలు మోయడానికి, గిన్నెలు కడగడానికి పోతున్న జనం ఆమె ఎందుకు పోతున్నదో తెలిసి కిందా మీదా పడి నవ్వారు. దిగేటప్పుడు మాత్రం బస్సు చుట్టూ చేరి, ఈసారి మూటలు మేమే దించుకుంటాం, నువ్వు నడుము దాచుకో అన్నారు. ఈ మద్దతుకు ఫొటోలు లేవు.

పోటీలో కానిషాయ్ నలుగురిని పడేసింది. ఫైనల్లో వైద్యుడితో, ఇద్దరు శిక్షకులతో, ఒళ్లు పట్టే మనిషితో వచ్చిన అమ్మాయి చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. రజత పతకం మెడలో వేసుకుని, అదే బస్సులో, ఈసారి సీటు మీద కూర్చుని తిరిగొచ్చింది. తాలాయ్ తన వెనక సీటే ఖాళీ చేయించాడు.

బస్టాండులో పూలు, బ్యాండు, దోలోత్‌బెక్ గారి నీళ్లు సిద్ధంగా ఉన్నాయి. అకీమ్ గారు, "ఆమె మొదటి శిక్షణ నా ఒంటి మీదే జరిగింది!" అని కన్నీళ్లతో ప్రకటించారు. తరువాత పతకాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "వెండా?" అన్నారు.

వారం తిరక్కుండా విచారణ కమిటీ పడింది. జిల్లా మొత్తం ఇంత మద్దతిచ్చినా బంగారం ఎందుకు రాలేదో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని కానిషాయ్‌ను కోరారు. ఆమె ఒకే ఒక్క వాక్యం రాసింది: "ఆ అమ్మాయి నాకంటే బాగా పట్టింది." ఇందులో ఎవరి తప్పూ లేకపోవడంతో కమిటీ దీన్ని తిరస్కరించింది.

ఆ సాయంత్రం ఐమ్‌కుల్ అపా గోడ దగ్గర నిష్ఠూరమాడింది. "ఇంతమందిమి నీ వెనకున్నాం. ఇంకొక్క పాయింటు తేలేకపోయావటే?"

"మీరేమిచ్చారు అపా?" అనడిగింది కానిషాయ్. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది.

అపా నొచ్చుకుంది. "రోజూ నీ గురించే మాట్లాడుకున్నాం కదే!"

కమిటీ నివేదిక ఇప్పుడు తుది దశలో ఉంది. చివర అనుబంధంగా మద్దతుదారుల జాబితా జతచేస్తున్నారు. అకీమ్ గారితో మొదలై, ఐమ్‌కుల్ అపా వరకు పన్నెండు వేల పైచిలుకు పేర్లు చేరాయి. ఈ కథ చదువుతూ 'అయ్యో పాపం' అనుకున్నవారి కోసం అడుగున కొంత ఖాళీ వదిలారు. దయచేసి స్పష్టమైన అక్షరాలతో సంతకం చేయగలరు.