పదవిలో ఉన్నవారు కట్ట ముట్టరాదు

ఒక పెద్ద అడవి ఉండేది. అంత పెద్ద అడవి కాబట్టి దానికో శాసనసభ కూడా ఉండేది. సభలో జంతువులు తెగ మాట్లాడేవి. మాట్లాడిందల్లా తాటాకుల మీద రాయించుకునేవి. ఎన్నికల్లో ఓడిపోయి ఇంటికి పోయేటప్పుడు మాత్రం ఆ తాటాకులు ఇంట్లో అడ్డమని కట్టలు కట్టి తెచ్చి, "భావితరాల కోసం" అంటూ వాగు పక్కనున్న పాత గుహలో దింపి వెళ్లేవి.

ఆ కట్టల్ని చూసుకోవడం కొన్ని జంతువుల ఉద్యోగం. ఎండిన వాగు గురించి అడవిదున్న చేసిన ప్రసంగాలు, పచ్చిక కోసం కుందేళ్లు పెట్టుకున్న అర్జీలు, నెమలి ప్రవేశపెట్టి తనే మరిచిపోయిన బిల్లులు, అన్నీ వాళ్ల చేతుల్లోనే ఉండేవి.

వాళ్లలో ఏదుపంది వరాలమ్మ ఒకతె. తన ఒంటి నుంచి రాలిన ముళ్లనే తాటాకుల చిల్లుల్లో దూర్చి కట్టలు కుదురుగా కట్టేది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. ఆ పనికి తగ్గ పేరు రాలేదన్న దిగులు కూడా ప్రాణం మీదికే వచ్చేది. ఇరుగుపొరుగు జంతువులు "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, "తాటాకులు చూసుకుంటాను" అని చెప్పేది. "ఓహో, వంటచెరుకా?" అనేవాళ్లు.

కట్టలు చూసుకునేవాళ్లకి ఒక సంఘం ఉంది. పేరు శాసనపత్ర పరిరక్షక సంఘం. దాని అధ్యక్షుడు తాబేలు వయసు మీద పడి పదవి వదులుకున్నాడు. ఆ సంగతి చెప్పడానికి ఆయన నడిచి వచ్చేసరికి చలికాలం పోయి ఎండాకాలం వచ్చింది.

సరిగ్గా అప్పుడే పాత గుహ పైకప్పులో బీట కనిపించింది. వానలు పడితే కట్టలన్నీ నానిపోతాయి. వరాలమ్మ పరుగున సభాపతి దుప్పిగారి దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, గుట్ట మీద ఎలుగుబంటి ఖాళీ చేసిన గుహ ఉంది కదా. పొడిగా ఉంటుంది. కట్టలు పెట్టుకోవడానికి అది ఇప్పించండి."

దుప్పిగారు కొమ్ములు సర్దుకున్నారు. "ఇస్తానమ్మా, నాకేం అభ్యంతరం? అయితే ఇవ్వడానికి ఎదురుగా ఒక అధ్యక్షులుండాలి. మీరెవరు?"

"నేనండీ... కట్టలు చూసుకుంటాను."

"అంటే ఎవరూ కానట్టే. ముందు మీ సంఘం అధ్యక్షుల్ని తేల్చుకురండి. గుహ మీదే."

తిరిగొస్తూ దారంతా వరాలమ్మ ఆలోచించింది. గుహ రావాలంటే అధ్యక్షురాలు కావాలి. అంటే కట్టల కోసమే అధ్యక్షురాలు కావాలి. తనకోసం కాదు. అలా అనుకోగానే మనసు ఎంత తేలికపడిందంటే, ఇంటికి చేరేలోపు ప్రమాణ స్వీకార ప్రసంగం మొత్తం కంఠతా వచ్చేసింది.

గుట్ట కింది బండ మీద సంఘం సమావేశమైంది. కార్యదర్శి ఉడుము పట్టయ్య లేచాడు. ఆయన ఆ పదవి పట్టుకున్నది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు. ఉడుంపట్టు కాబట్టి ఎవరూ అడగలేదు కూడా.

"అధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్లు చేతులెత్తండి."

బండ మీద మేలుకుని ఉన్నవాళ్ల చేతులన్నీ లేచాయి. పట్టయ్యది అందరికంటే ముందు లేచింది.

కొండముచ్చు కామేశం గొంతు సవరించుకున్నాడు. కట్టల సంరక్షణ గురించి చెట్టు చెట్టూ తిరిగి ఉపన్యాసాలివ్వడమే ఆయన వృత్తి. "పక్క అడవిలో అయితే ఈపాటికి నన్ను బతిమాలి కూర్చోబెట్టేవాళ్లు," అన్నాడు.

పునుగుపిల్లి సుగంధమ్మ తియ్యగా నవ్వింది. "నాకు పదవుల మీద ఆశ లేదండీ. అందరూ ఒత్తిడి చేస్తున్నారని..."

"ఎవరమ్మా ఆ అందరూ?" అన్నాడు కామేశం.

"వాళ్ల పేర్లు చెప్పొద్దన్నారు."

ఓట్లు లెక్కపెట్టారు. తలా ఒక ఓటు వచ్చింది. ఎవరి ఓటు వాళ్లదే. మళ్లీ వేశారు. మళ్లీ అంతే. బండ చివర పందికొక్కు గంగులు ఒక్కడే ఏ గొడవా లేకుండా గురకపెట్టి నిద్రపోతున్నాడు. చల్లటి గుహలో పడుకోవచ్చని సంఘంలో చేరినవాడు అతను.

ఆకాశంలో అప్పుడే ఒక నల్లమబ్బు తొంగిచూసింది. వరాలమ్మకి ఒక ఉపాయం తట్టింది. సమావేశం మర్నాటికి వాయిదా వేయించి, కామేశాన్ని పక్కకి పిలిచింది.

"కామేశంగారూ, మీ అంతటివారు నాతో పోటీపడటమేంటండీ? మీరు ప్రథమ ఉపాధ్యక్షులుగా ఉండి నాకు దారి చూపించండి."

కామేశం తోక ఊపడం ఆపాడు. "ప్రథమ అనే మాట బాగుంది. కానీ పని మాటేమిటి?"

"ఏం పని?"

"అదే, దుమ్ము దులపడం, కట్టలు మోయడం వగైరా. పదవికి పని అంటగడితే పదవి పరువు పోతుందండీ. పక్క అడవిలో అయితే పదవిలో ఉన్నవాళ్లు కట్ట ముట్టుకోరు. నిబంధన రాసేశారు."

"ఓస్, అంతేనా? మనమూ రాసేద్దాం," అంది వరాలమ్మ.

తరవాత సుగంధమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమెకు ద్వితీయ అని పిలిపించుకోవడం ఇష్టం లేదు. మహోపాధ్యక్షురాలు అన్నారు. పట్టయ్య కార్యదర్శి పదవి వదలడు, కాబట్టి దాని ముందు 'శాశ్వత' చేర్చారు. మిగిలినవాళ్లకి పదవులు చాలలేదు. దారాల విభాగం సంచాలకుడు, ధూళి వ్యవహారాల సలహాదారు, ఉపసంఘాలు వేసే ఉపసంఘానికి అధ్యక్షుడు, ఇలా కొత్తవి పుట్టించారు. కామేశం చెప్పిన నిబంధన విని ప్రతివాళ్లూ తల ఊపారు. ఆ అడవి చరిత్రలో అంత త్వరగా, అంత ఏకగ్రీవంగా పాసైన చట్టం మరొకటి లేదు.

మర్నాడు వరాలమ్మ అధ్యక్షురాలైంది. మెడలో దండ వెయ్యబోతే ముళ్లకి గుచ్చుకుని చిరిగిపోయింది. అందుకని తలమీద ముళ్లలో ఒక నెమలీక గుచ్చారు. వరాలమ్మ వాగు నీటిలో తన నీడ చూసుకుంది. కాస్త పక్కకి తిరిగి ఇంకోసారి చూసుకుంది. అటుగా వెళ్తున్న కుందేలు ఆగి, "నమస్కారమండీ అధ్యక్షులుగారూ," అంది. ఆ రోజు వరాలమ్మ అన్నం సగమే తింది. సంతోషంతో కడుపు నిండిపోయింది.

దుప్పిగారు మాట తప్పలేదు. గుట్ట మీది గుహ ఇచ్చేశారు. వరాలమ్మ పొంగిపోతూ వచ్చి కార్యవర్గాన్ని పిలిచింది.

"గుహ వచ్చేసింది! మబ్బులు కమ్ముకొస్తున్నాయి. పదండి, తలా నాలుగు కట్టలు పట్టుకుని గుట్టెక్కిద్దాం."

ఎవరూ కదల్లేదు.

"ఏమైంది?"

కామేశం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నిబంధన అధ్యక్షులవారే రాశారు కదండీ."

"నేను కట్ట ముడితే నా పదవి పోతుందని భయం కాదు కానీ," అంది సుగంధమ్మ, "నిబంధన నొచ్చుకుంటుందని."

"మరి మోసేదెవరు?"

"సామాన్య సభ్యులు," అన్నాడు పట్టయ్య. "సంఘం ఉన్నదే వాళ్ల కోసం."

"ఎక్కడున్నారు వాళ్లు?"

పట్టయ్య చుట్టూ చూశాడు. ఒక ఉపాధ్యక్షుణ్ని, ఇద్దరు సంచాలకుల్ని, ముగ్గురు సలహాదారుల్ని దాటి ఆయన చూపు పాత గుహ గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ గంగులు ఆవులిస్తున్నాడు. పదవుల పంపకం నాడు నిద్రపోయినందుకు సంఘం మొత్తంలో పదవి లేనివాడు అతనొక్కడే మిగిలాడు.

కార్యవర్గమంతా కదిలి గంగులు మీదికి వెళ్లింది. సభ్యుడి బాధ్యత గురించి కామేశం ఉపన్యసించాడు. గంగులు అంతా విని బుర్ర గోక్కున్నాడు.

"మోస్తానండీ. నా పద్ధతిలో మోస్తాను."

"ఏ పద్ధతైనా సరే, మోయి," అన్నారందరూ. మోయించే పని అంత సులువుగా అయిపోయినందుకు ఒకరికొకరు అభినందనలు చెప్పుకుంటూ గుట్టెక్కి వెళ్లిపోయారు.

కాసేపటికి చినుకులు మొదలయ్యాయి. వరాలమ్మకి మనసు నిలవలేదు. గుట్ట దిగి వచ్చి పాత గుహలోకి తొంగిచూసింది. గంగులు కాళ్లు చాపుకుని కూర్చుని పటపట నములుతున్నాడు.

"ఒరేయ్! ఏం చేస్తున్నావురా?"

"మోస్తున్నానక్కా. కడుపులో వేసుకుంటే చేతులు నొప్పెట్టవు. నెమలిగారి బిల్లులు పర్లేదు కానీ, అడవిదున్నగారి ప్రసంగాలు మరీ పొడిగా ఉన్నాయి. గొంతు పట్టేస్తోంది."

వరాలమ్మ ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. పైన బీటలోంచి నీళ్లు ధారకట్టాయి. కుందేళ్ల అర్జీల మీద అక్షరాలు కళ్లముందే కరిగిపోతున్నాయి. చెయ్యి చాచింది. మళ్లీ వెనక్కి తీసుకుంది. పదవిలో ఉన్నవారు కట్ట ముట్టరాదు. తన దస్తూరీయే.

ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. ఒకపక్క నీళ్ల చప్పుడు, ఇంకోపక్క నమిలే చప్పుడు. ఇంతకాలానికి ఒక కుందేలు ఆగి నమస్కారం పెట్టింది. రేపు ఈ నెమలీక లేకపోతే మళ్లీ "వంటచెరుకా?" అంటారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే నెమలీక పీకి గుమ్మంలో పడేసి, వానలో గుట్టెక్కి, కార్యవర్గం ముందు నిలబడింది.

"నేను రాజీనామా చేస్తున్నాను."

వెంటనే అందరూ గుహ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. అధ్యక్షురాలు తప్పుకుంటే ప్రథమ ఉపాధ్యక్షుడు అధ్యక్షుడవుతాడు. మహోపాధ్యక్షురాలు ప్రథమ అవుతుంది. కింద ఉన్నవాళ్లందరూ ఒక్కో మెట్టు పైకి జరుగుతారు. ఒక్క రాజీనామాతో ఇంతమందికి మేలు చేసినవాళ్లు ఎవరున్నారు? వరాలమ్మ త్యాగాన్ని పొగడటానికి అప్పటికప్పుడు సభ పెట్టారు. ఆమె అక్కడ లేదని ఎవరూ గమనించలేదు.

వరాలమ్మ పాత గుహలోకి దూకి, మొదట గంగులు నోట్లోంచి కట్ట లాగింది. తరవాత కట్టల మీద అటూ ఇటూ దొర్లింది. దొర్లిన చోటల్లా కట్టలు ముళ్లకి గుచ్చుకుని లేచి వచ్చాయి. చూడటానికి తాటాకుల పందిరి నడిచి వెళ్తున్నట్టు ఉంది. గుట్టెక్కి దులుపుకోవడం, దిగడం, మళ్లీ దొర్లడం. పొగడ్తల సభ ముగిసేలోపు కట్టలన్నీ పొడి గుహలోకి చేరాయి. కొన్ని అర్జీలు మాత్రం నాని పోయాయి. అడవిదున్న ప్రసంగాల్లో ఒక కట్ట గంగులు పాలైంది.

సభ ముగించుకుని కార్యవర్గం వెళ్లిపోయాక గంగులు ఆయాసపడుతూ గుట్టెక్కి వచ్చాడు. కడుపు నిండిన జంతువుకి ధైర్యం ఎక్కువ.

"అక్కా, ఇప్పుడు పదవి లేనివాళ్లం మనమిద్దరమే. అంటే సర్వసభ్య సమావేశం అంటే మనమే. వాళ్లందర్నీ దించేద్దామా?"

వరాలమ్మ ఒళ్లంతా తడిసి వణుకుతోంది. ఆ మాట వినగానే వెచ్చగా అనిపించింది. దించేయాలి. ఒక్కొక్కణ్నీ పేరుపేరునా దించేయాలి. 'సరే' అనబోయి ఆగింది.

దించేస్తే వాళ్లంతా ఏమవుతారు? సామాన్య సభ్యులవుతారు. కట్టలు ముట్టుకోవడానికి హక్కు వస్తుంది. కామేశం వచ్చి, పక్క అడవి పద్ధతి అంటూ కట్టలన్నీ ఊడదీసి ఆకుల రంగుల ప్రకారం సర్దుతాడు. సుగంధమ్మ ప్రతి ఆకుకీ తన వాసన పులుముతుంది. పట్టయ్య ఒక కట్ట పట్టుకున్నాడంటే ఇక చచ్చినా వదలడు.

"వద్దురా తమ్ముడూ," అంది వరాలమ్మ. "వాళ్లందర్నీ జీవితాంతం పదవుల్లోనే ఉంచుదాం."

గంగులు నోరు తెరిచాడు. "ఏంటక్కా, వానలో తడిసి జ్వరం వచ్చిందా?"

"ఇంకో తీర్మానం కూడా ఉంది. నిన్ను తనిఖీ విభాగం మహాధ్యక్షుడిగా వేద్దామని."

పుట్టి బుద్ధెరిగాక గంగుల్ని ఎవరూ ఏ అధ్యక్షుడనీ పిలవలేదు. 'మహా' మాట దేవుడెరుగు. మీసాలు తుడుచుకుని, చెయ్యి ఎత్తాడు. వరాలమ్మా ఎత్తింది. రెండు తీర్మానాలూ ఏకగ్రీవంగా నెగ్గాయి. గంగులు హుందాగా నడిచి పక్కనున్న కట్ట మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఆగండి మహాధ్యక్షులవారూ! పదవిలో ఉన్నవారు కట్ట ముట్టరాదు."

"మరి తనిఖీ ఎలా చేయడం?"

"దూరం నుంచి," అంది వరాలమ్మ, అతన్ని మెల్లిగా గుమ్మం బయటికి సాగనంపుతూ.

అప్పటి నుంచి ఆ సంఘానికి సర్వసభ్య సమావేశం అంటే వరాలమ్మ ఒక్కతే. ఆమె తల ఊపితే తీర్మానం నెగ్గినట్టు. ఆమె నిద్రపోతే వాయిదా పడినట్టు. కార్యవర్గం బండ మీద కొలువుతీరి ఏటేటా ఒకరికొకరు నెమలీకలు గుచ్చుకుంటుంది. కట్టలు చెక్కుచెదరకుండా ఉన్నందుకు కామేశాన్ని చుట్టుపక్కల అడవులన్నీ పిలిచి సన్మానించాయి. వార్షిక నివేదికలో మాత్రం ఒక విచారకరమైన వాక్యం తప్పకుండా ఉంటుంది: "సామాన్య సభ్యుల్లో చురుకుదనం లోపించింది."

నీతి: తాటాకుల్ని చెదపురుగుల నుంచి కాపాడటానికి వేపాకు చాలు, సంరక్షకుల నుంచి కాపాడాలంటే మాత్రం తలా ఒక పదవి ఇవ్వాల్సిందే.