సాంబారు అండాలో అంతర్జాతీయ పోటీ

వీధుల్లో వాననీళ్ళు నిలుస్తున్నాయని ఏడ్చేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. నిలవడమేమిటి, పరుగెత్తుతున్నాయి! అది కష్టం కాదు, క్రీడాసౌకర్యం.

విదేశాల్లో ఉరకలేసే నీళ్ళలో పడవపందేలు జరుగుతాయి. ఒకవైపే ఆకులాంటి పలక ఉన్న తెడ్డుతో మోకాళ్ళమీద కూర్చుని తోస్తే కనూ. రెండువైపులా ఆకులున్న తెడ్డుతో కాళ్ళు చాపుకుని తోస్తే కయాక్. ఈ పోటీల కోసం కొన్నిచోట్ల సిమెంటు కాలువ కట్టి, మోటార్లతో నీళ్ళు పారిస్తారట. పాపం! చెన్నై శివార్లలో తిరునిన్రవూరు పక్కనున్న మన జీవరత్నం నగర్‌కు ఆ తిప్పలేవీ లేవు. కార్తీకంలో ఒక్క వాయుగుండం చాలు.

బండరాళ్ళు కావాలా? స్పీడ్‌బ్రేకర్లున్నాయి. సుడిగుండం కావాలా? మూతలేని మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి చూడండి. కాబట్టి ఆ పోటీలేవో ఇక్కడే జరపాలని నా మనవి.

మన వీధి ఏంజెలిన్ సంగతే తీసుకోండి. వాళ్ళింట్లో మొదటి డిగ్రీ ఆమెది. నర్సు ఉద్యోగానికి తిరువళ్ళూరులో ఉదయం పదికి సర్టిఫికెట్ల పరిశీలన. పది దాటితే పేరు కొట్టేస్తామని పిలుపు కాగితంలోనే రాశారు. తెల్లవారి తలుపు తీస్తే వాకిట్లో నడుములోతు నీళ్ళు. ఫైలు నెత్తిన పెట్టుకుని దిగబోతుంటే ఎదురింటి వంటమాస్టర్ ఎలుమలై కేకేశాడు.

"యాడికి పాపా దిగేది? ఆడ గుంత ఉండాది. ఉండు, అండా తెస్తా."

ఐదువందల మందికి సాంబారు కాచే అండా అది. తెడ్డుగా, సాంబారు కలిపే నిలువెత్తు గరిటె. ఆకు ఒకవైపే కాబట్టి నిబంధనల ప్రకారం మనది కనూ విభాగం.

ఏంజెలిన్ ఎక్కి కూర్చుంది. ఎలుమలై కదలడు. కొత్త బండి తీసేటప్పుడు చక్రం కింద నిమ్మకాయ నలగాలి కదా!

"మామా, ఇది బండి కాదు. ఎనిమిదీ యాభైకి నా ట్రైను."

"మనిషి ఎక్కితే బండే. ఇన్నేండ్లలో నా అండాలో పప్పు తప్ప మనిషి ఎక్కలే. అట్లే తోసేస్తే రేపు ఉద్యోగం రాకపోతే నన్నే అంటావు."

అండా కింద నిమ్మకాయ పెట్టాడు. తేలి పోయింది. రెండోది పెట్టాడు. అదీ పోయింది. మూడోదాన్ని అదిమి పట్టేసరికి అండా ఒరిగి ఏంజెలిన్ గొడుగు కొట్టుకుపోయింది.

"ఎలుమలై అన్నా," పక్కింటి మేడమీద నుంచి తులసమ్మ పిలిచింది, "నీ నిమ్మకాయలు స్టేషన్ చేరుంటాయి. టికెట్ తీసినావా వాటికి?"

అంతర్జాతీయ పోటీల్లో పడవలను కొంత వ్యవధి ఇచ్చి ఒక్కొక్కటిగా వదులుతారు. మన దగ్గరా అంతే. ముందు మూడు నిమ్మకాయలు, తర్వాత మనిషి.

స్టేషన్ మెట్లెక్కేసరికి ఆమెకు ట్రైను తోక కనిపించింది. తర్వాతి బండి పట్టుకుని, ఫైలు మీద చుక్క పడకుండా, పదీ ఇరవైకి ఆఫీసు చేరింది. ఏ దేశంలోనైనా దీనికి పతకం ఇస్తారా, ఇవ్వరా?

అక్కడి అధికారి మంచివాడు. "నీళ్ళలో చిక్కుకుంటివా? సరి, పోమ్మా. మీ వీధిలో నీళ్ళొచ్చినాయని వార్డు ఆఫీసులో లెటర్ తీసుకురా. నాలుగు లోపల తెస్తే లోపలికి విడుస్తా."

ఏంజెలిన్ మళ్ళీ ట్రైనెక్కింది; వానకు అది దారిలో గంటలకొద్దీ ఆగింది. ఈసారి అండా లేదు. నడుములోతులో నడిచి వార్డు ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ గుమాస్తా నటరాజ్ రెండు కాళ్ళూ కుర్చీ మీదికి ముడుచుకుని, కింద నీళ్ళు తగలకుండా రిజిస్టరు తిరగేశాడు.

"జీవరత్నం నగర్‌లో నీళ్ళు రావు అక్కా. పోయినేడే వాననీటి కాలువ కట్టి ముగించినాం. రికార్డులో ఉండాది."

"నా బట్టలు చూడన్నా."

"బట్టలు చూసి సంతకం పెట్టేదానికి లేదు అక్కా. రికార్డు చూసే పెట్టాల."

మాటల్లోనే నాలుగు దాటింది.

పాఠకులారా, పొరబడ్డాను. పోటీలు ఇక్కడే జరపాలన్న నా మనవిని వెనక్కి తీసుకుంటున్నాను. రికార్డు చెప్పాక ఇంకేముంది? జీవరత్నం నగర్‌లో ఆరోజు చుక్క నీరు లేదు. ఏంజెలిన్ పొడినేల మీద, సాంబారు అండాలో కూర్చుని, ఆలస్యంగా బయల్దేరింది. అలాంటి మనిషికి ఉద్యోగం ఎవరిస్తారు చెప్పండి?