ఎ పడవ, బి పడవ

చదవడం ఆరోగ్యానికి మంచిది కాదు. ముఖ్యంగా ఇంగ్లీషు పరీక్షలో.

నమ్మరా? పద్దెనిమిదేళ్లుగా కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. సాయంత్రాలు ట్యూషన్. పరీక్షలయ్యాక పేపర్లు దిద్దుతాను. వండేదీ నేనే, వడ్డించేదీ నేనే, బాగుందని లొట్టలేసేదీ నేనే. ఇంతకన్నా అర్హత ఇంకేం కావాలి?

ఇంగ్లీషు పేపర్లో ఇరవై మార్కుల ప్రశ్న ఒకటుంటుంది. పిల్లలు ఎన్నడూ చూడని రెండు గద్యభాగాలు ఇస్తారు. ఒకటి టెక్స్ట్ ఎ, రెండోది టెక్స్ట్ బి. రెంటినీ పోల్చి నలభై నిమిషాల్లో వ్యాసం రాయాలి. పాతకాలపు అమాయకులు ఏం చేసేవారు? ఎ చదివి, బి చదివి, కాసేపు పెన్ను కొరుక్కుని, అప్పుడు రాసేవారు. ఎంత దుబారా!

నా ట్యూషన్‌లో ఆ వ్యాసం పరీక్షకు నెల ముందే తయారవుతుంది. "రెండు భాగాలూ మానవ జీవితాన్ని స్పృశిస్తాయి. ఎ ఆశావహంగా సాగితే, బి అందుకు భిన్నంగా..." అని ఇంగ్లీషులో నాలుగు పేజీలు బట్టీ పట్టిస్తాను. హాల్లో కూర్చున్నాక ఖాళీల్లో సముద్రమో, రైలో, ముసలమ్మో వేసుకుంటే చాలు. కాలు కొలత తీసుకోకుండా కుట్టిన చెప్పు. ఇంతవరకూ ఎవరినీ కరవలేదు.

దిద్దేవాళ్లకూ హాయే. వేర్‌యాజ్, హవెవర్, ఆన్ ది అదర్ హ్యాండ్. ఇలాంటివి ఎనిమిది కనిపిస్తే పదహారు మార్కులు. పేపరుకు మూడు నిమిషాలు. ప్రశ్నలో ఇచ్చిన భాగాలు నేను చదువుతానా అంటారా? టిక్కెట్టు కొట్టేవాడు ఊరు చూడాలా ఏమిటి?

ఈ ఏడాది నా వాటాకు రెండు వందల పన్నెండు పేపర్లు వచ్చాయి. భాగాల్లో ఎవరో ముసలివాడు పడవకు రంగు వేస్తున్నాడని పిల్లల రాతల్ని బట్టి నాకూ తెలిసింది. ఎ లోని పడవ ఆశకు ప్రతీక అట, బి లోనిది నిరాశకు. ఎ లో సముద్రం పలకరిస్తే బి లో ముఖం తిప్పుకుంటుందట. ఎ రచయిత లోకం తెలియని కుర్రవాడనీ, బి రచయిత జీవితంలో దెబ్బలు తిన్నవాడనీ ఒకడు తేల్చేశాడు. అతనికి పద్దెనిమిది వేశాను.

అప్పుడొచ్చింది ఒక పిల్ల పేపరు. మొత్తం నాలుగు వాక్యాలు. "ఈ రెండు భాగాలూ ఒకటే. అచ్చులో పొరపాటు జరిగినట్టుంది. నేను పొరబడితే క్షమించండి. ముసలాయన ఒడ్డున ఉన్నవాళ్లకు కనిపించే వైపే పడవకు రంగు వేయడం చూసి నాకు బాధ కలిగింది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఈ పిల్ల చదివింది, ఉన్న మార్కులు పోయాయి. ఒక్క వేర్‌యాజ్ లేదు, ఒక్క హవెవర్ లేదు. సున్నా వేశాను. ఆరు మార్కుల తేడాతో ఇంగ్లీషు తప్పింది. ఇంగ్లీషు పాసైతేనే నర్సింగులో సీటు.

ఫలితాలొచ్చాక ఫిర్యాదుల బల్ల దగ్గర చీఫ్ ఎగ్జామినర్ గారూ నేనూ కూర్చున్నాం. ఆ పిల్ల వాళ్లమ్మ వచ్చింది. బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చేసింది.

"నాకు ఇంగ్లీషు రాదు సార్. కొలతలు వచ్చు," అంటూ సంచీలోంచి ప్రశ్నపత్రం తీసింది. కత్తెర మొనతో పిన్నులు ఊడదీసింది. ఎ ఉన్న కాగితం, బి ఉన్న కాగితం ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించింది. రఫ్ వర్కు కోసం రెంటికీ వెనకవైపు ఖాళీ వదిలారు కాబట్టి వెలుగులో అంతా కనిపించింది. వరస మీద వరస, అక్షరం మీద అక్షరం. నెత్తినున్న ఎ, బి లు మాత్రం అలుక్కుపోయాయి.

"నూలుపోగంత తేడా లేదు సార్. లేని తేడా మా పిల్ల ఎలా రాస్తుంది?"

"చూడమ్మా," అన్నారు చీఫ్ గారు. "అచ్చు సంగతి వేరు, జవాబు సంగతి వేరు. పోల్చమని అడిగాం. మీ అమ్మాయి పోల్చలేదు."

"పోల్చింది కాబట్టే ఒకటేనని తెలిసింది కదా సార్."

చీఫ్ గారు ఆ కాగితాలు తీసుకుని నా చేతిలో పెట్టారు. నేను మొదటిసారి ఆ భాగం చదివాను. ముసలాయన నిజంగానే ఒకవైపే రంగు వేస్తున్నాడు. నాకు సిగ్గేసింది. దాచడమెందుకు, చాలా సిగ్గేసింది.

కానీ సిగ్గుతో సంస్థలు నడుస్తాయా? కమిటీ కూర్చుంది. ప్రశ్నపత్రం తయారుచేసినవారు, అచ్చు సరిచూసినవారు, దిద్దిన నలభై మందీ రెండు భాగాలూ క్షుణ్ణంగా చదివామని చెప్పారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం! ఒక్క పిల్లది ఒప్పంటే మిగతా వేలమందిదీ, మాదీ తప్పవుతుంది. అందుకని ఇలా తీర్మానించాం: "సూక్ష్మమైన తేడాలను కనిపెట్టే శక్తిని పరీక్షించేందుకే ఒక భాగాన్ని ఉద్దేశపూర్వకంగా రెండుసార్లు ఇవ్వడమైనది."

సున్నా సున్నాగానే ఉండిపోయింది.

మర్నాడు వాళ్లమ్మ ఆ పిల్లను నా ట్యూషన్‌కే తీసుకొచ్చింది. "సప్లిమెంటరీ దాకా సీటు ఆపుతామన్నారు సార్. మీరు ఏది రాయమంటే అది రాస్తుంది," అంది. పిల్ల తల వంచుకుని నిలబడింది.

మొదట్లో మహా కష్టమైంది. భాగం ఇవ్వగానే చదివేది! ఒక్కోసారి చదివి నవ్వుకునేది కూడా. నేను భాగం మీద అట్ట కప్పేవాణ్ణి. ఐదోవారానికి దారికొచ్చింది. ముప్ఫై ఐదు నిమిషాల్లో నాలుగు పేజీలు రాసి ఇచ్చింది.

"చదివావా?" అన్నాను.

"లేదు సార్," అంది. ముఖంలో ఏమీ లేదు.

సప్లిమెంటరీలో ఇరవైకి పదిహేడు. సీటు దక్కింది. వాళ్లమ్మ నాకు చేతులెత్తి దండం పెట్టింది.

ఇంతకన్నా ఘనవిజయం ఏముంటుంది చెప్పండి? అయితే నేను బీపీ, షుగరు ఉన్న మనిషిని. నాలుగేళ్లలో ఆ పిల్ల ఏ ఆస్పత్రిలోనో నర్సుగా ఉంటుంది. ఏ మంచం మీదో నేనూ ఉండవచ్చు. నా తలగడ పక్కన ట్రేలో రెండు సీసాలుంటాయి, చూడటానికి ఒకేలా. సిరంజి పట్టుకుని ఆ పిల్ల వస్తుంది.

తల్లీ, నేను చెప్పిన పాఠమంతా మరిచిపో. ఆ లేబుల్ మాత్రం చదువు.