ఏనుగుల గోడకు ముళ్ల కంచె

ఆఫ్రికాలో, ఒక పెద్ద అడవిలో, ఏనుగులు నీళ్లకు వెళ్లే దారి పక్కన పొడుగాటి బండగోడ ఒకటి ఉండేది. దాని నిండా చనిపోయిన ఏనుగుల బొమ్మలే. ఎర్రమట్టి, బూడిద కలిపి తొండాలతో వేసినవి.

ఏటా వానలకు ఆ బొమ్మలు కొట్టుకుపోయేవి. వానలు వెలిశాక ఆడ ఏనుగులన్నీ చేరి మళ్లీ వేసేవి. వేస్తూ పోట్లాడుకునేవి.

"మా అమ్మకు అంత పొట్ట ఎక్కడిదే?"

"ఎందుకు లేదూ? ఎండంతా నువ్వు ఆ పొట్ట నీడనే నడిచావు."

అలా పోట్లాడుకోవడం వల్లే పోయినవాళ్ల రూపాలు నిలిచేవి.

వాళ్లందరిలో పెద్దది వాంబూయి. ఈమధ్య దానికి మరపు మొదలైంది. నీళ్లకని బయలుదేరి, దారిలో ఆగి, ఎక్కడికి వెళ్తున్నానా అని ఆలోచించేది. ఏనుగుకు మరపా అని నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. దాని భయమంతా ఒక్కటే, చనిపోయిన చెల్లెలు న్యేరి రూపం ఎక్కడ మరిచిపోతానో అని. అందుకే రోజూ గోడ దగ్గర ఆగి, బొమ్మలో న్యేరి చిరిగిన చెవిని తొండంతో తడిమి మరీ వెళ్లేది.

ఆ ఏడు అడవి సభకు కళల మీద ప్రేమ పుట్టింది. విదేశీ కొంగలు పక్క అడవిలో గోడబొమ్మలు చూసి మెచ్చుకున్నాయట. వెంటనే కళాసంఘం వెలిసింది. దుమ్ములగొండి అధ్యక్షుడు. నిప్పుకోడి విమర్శకురాలు. బబూన్ కోతికి ఎక్కడో కెమెరా దొరికింది కాబట్టి అది ఫొటోగ్రాఫర్.

నిప్పుకోడి మెడ సాచి గోడను పరికించింది. "ఇది వట్టి బొమ్మ కాదు. వీధి కళ! శూన్యంతో సంభాషణ!"

"అది మా మేనత్తండీ," అంది ఒక పడుచు ఏనుగు.

"నీకు అర్థం కాదులే," అంది నిప్పుకోడి.

దుమ్ములగొండి గొంతు సవరించుకుని తీర్మానం చదివింది. "ఈ గోడ అడవి జాతి సంపద. దీన్ని ఇకమీదట ఎవరూ ముట్టుకోరాదు."

"మరి వానలొస్తే?" అని అడిగింది వాంబూయి.

"వానకూ అదే వర్తిస్తుందమ్మా. ఎవరికీ మినహాయింపు లేదు."

గోడ చుట్టూ ముళ్ల కంచె లేచింది. మర్నాడు వాంబూయి బయట నిలబడి తొండం చాచింది. అందలేదు.

"ఆ చెవి ఒక్కటి తడిమి పోతాను నాయనా."

"నీ తడి తొండం తగిలితే సంపద చెడుతుందమ్మా. ఫొటోలు తీయిస్తున్నాం, బెంగపడకు. ఫొటోకు మరపుండదు," అంది దుమ్ములగొండి.

కోతి కెమెరా ఎత్తింది. దుమ్ములగొండి వెళ్లి గోడకు ఎదురుగా నిలబడింది.

"అధ్యక్షా, కాస్త పక్కకు జరిగితే బొమ్మలు పడతాయి."

"బొమ్మలు రేపూ ఉంటాయి. నువ్వు నొక్కు."

వానలొచ్చాయి. తీర్మానం అవి చదవలేదు. వెలిశాక చూస్తే, బోడిబండకు కంచె భద్రంగా కాపలా కాస్తోంది.

అంతలో ఈ గోడను చూడ్డానికి విదేశీ కొంగలు బయలుదేరాయని కబురు. దుమ్ములగొండి పరుగున వచ్చి కంచె తానే తీసి, వాంబూయి ముందు ఫొటోలు పరిచింది. "అమ్మా, ఇందులో ఉన్నట్టే మళ్లీ వేసెయ్యి. నీకిది ఎంత పని!"

వాంబూయి ఒక్కొక్క ఫొటోలోనూ వెతికింది. ప్రతిదాంట్లోనూ దుమ్ములగొండి నవ్వే. న్యేరి తల ఉండాల్సిన చోట దుమ్ములగొండి తల.

ఎర్రమట్టిలో ముంచిన తొండం బండ దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏ చెవి చిరిగిందో నాకు గుర్తు రావడం లేదే," అంది వాంబూయి. ఎవరూ నవ్వలేదు.

"కుడి చెవి," అంది ఒక ఏనుగు.

"నీ మొహం, ఎడమది."

"కుడిదే! నేను పక్కనే నడిచేదాన్ని."

"నిశ్శబ్దం!" అని అరిచింది దుమ్ములగొండి. "కళ దగ్గర ఈ గోలేమిటి?"

నీళ్లకు వెళ్తున్న ఒక ముసలి జీబ్రా ఆగింది. "ఎడమ చెవే, వాంబూయక్కా. చిన్నప్పుడు నేను బురదలో కూరుకుపోతే లాగి ఒడ్డున పడేసింది. ఎడమ చెవి నా మొహం మీదికి వచ్చేలా వంగింది. ఆ చిరుగులోంచి నాకు సూర్యుడు కనిపించాడు. ఆ తర్వాత ఎంత తిట్టిందో!"

"తిట్టిందా?" వాంబూయి కళ్లు మెరిశాయి. "అయితే న్యేరే."

తొండం కదిలింది. అప్పటికి కొంగలు దిగాయి. కళాసంఘం ముందుగా పంపిన ఫొటోలు చూసే అంతదూరం వచ్చాయవి.

"ఫొటోల్లో నవ్వుతున్న జంతువు బొమ్మ ఏదీ?" అని అడిగింది పెద్దకొంగ. "మేం దాన్ని చూద్దామనే వచ్చాం."

దుమ్ములగొండి పొంగిపోయింది. "అది నేనేనండీ! అమ్మా, నా బొమ్మ కూడా వేసెయ్యి, త్వరగా!"

వాంబూయి తిరిగి చూడకుండానే అంది. "ఈ గోడ మీద చనిపోయినవాళ్లనే వేస్తాం నాయనా. నీకు అంత తొందరగా ఉంటే చెప్పు."

నీతి: దేన్నైనా పూర్తిగా మరిచిపోవాలంటే, ముందు దానికి కంచె వేసి, ఎదురుగా నిలబడి ఫొటో దిగాలి.