సూయెన్ వంతెన దాటింది

ఆ రోజు పొద్దున్న కియెత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గంజి కాచాలి, చెరుకు ముక్కలు కొట్టాలి, చిలగడదుంపలు ఉడకబెట్టాలి, సాయంత్రం అన్నీ పళ్ళెంలో సర్ది గుమ్మం ముందు పెట్టి అగరుబత్తి వెలిగించాలి. చాంద్రమానం ప్రకారం ఏడో నెల వచ్చిందంటే సైగాన్‌లో దిక్కూమొక్కూ లేని ఆత్మలన్నీ ఆకలితో వీధుల వెంట తిరుగుతాయి. వాటి పేరు చెప్పి పెట్టిన పళ్ళెం మీద జనం ఎగబడి చేతికందింది లాక్కుపోతేనే ఆ ఇంటికి మంచిది. ఎవరూ లాక్కోకపోతే ఆ ఏడాది బేరాలుండవు. కియెత్ గుమ్మం పక్కనే బల్ల వేసుకుని తాళాలు బాగుచేసుకునే మనిషి. ఆత్మల సంగతి ఎలా ఉన్నా, బేరాలతో అతనికి పని ఉంది.

అతని భార్య సూయెన్ పోయి మూడేళ్ళయింది. ఆవిడ ఫోన్ మాత్రం దేవుడి అరలో, ఆవిడ ఫోటో పక్కన, ఇప్పటికీ ఛార్జింగ్‌లోనే ఉంటుంది. కియెత్ తన ఫోన్లో మ్యాప్ తెరిస్తే ఒక చుక్క మీద తన పేరు, దాన్ని ఆనుకుని ఇంకో చుక్క మీద ఆవిడ పేరు కనిపిస్తాయి. అన్నం తినేటప్పుడు ఆ మ్యాప్ కనబడేలా తన ఫోన్‌ను కూర గిన్నెకు ఆనించి ఎదురుగా పెట్టుకుంటాడు. ఒక్కడే కూర్చుని తినడం అతనికి ఈ మూడేళ్ళలోనూ అలవాటు కాలేదు.

కిందటి నెల సందులో ఎవరిదో ఫోన్ మోటారుసైకిల్ దొంగలు లాక్కుపోయారు. నిమిషంలో దాని చుక్క మ్యాప్‌లోంచి మాయమైంది. ఆ మాట వినగానే కియెత్ సూయెన్ ఫోన్ పట్టుకుని సందు మొదట్లో ఫోన్లు బాగుచేసే లువా దగ్గరికి పరుగెత్తాడు.

"దొంగ చేసే మొదటి పని ఇదే బాబాయ్," అంది లువా. "తెర మీద పైనుంచి వేలితో కిందికి లాగుతాడు, ఈ విమానం బొమ్మ నొక్కుతాడు. అంతే, ఎక్కడుందో ఇక ఎవడికీ తెలీదు."

"లాక్ తీయకుండానే?"

"తీయకుండానే."

"ఇదేం లాకే తల్లీ! తలుపుకు తాళం వేసి కిటికీ తీసిపెట్టినట్టుంది."

లువా ఆ కిటికీ మూసేసింది. తెర లాక్‌లో ఉండగా పైనుంచి ఏదీ దిగకుండా చేసింది. చుక్కను ఆపాలంటే పాస్‌వర్డ్ కొట్టి, ఆపైన గంటసేపు ఆగాల్సి వచ్చేలా పెట్టింది. సిమ్ పీకి పారేయడానికి లేకుండా దాన్ని ఫోన్ లోపలికే ఎక్కించింది.

"ఇప్పుడు దొంగే కాదు, మీరు ఆపాలన్నా అంత తేలిక కాదు బాబాయ్."

"నేనెందుకు ఆపుతానే?" అన్నాడు కియెత్.

లువా ఫోన్ అద్దాన్ని అవసరమైన దానికంటే ఎక్కువసేపు తుడిచి ఇచ్చింది.

ఇంత జాగ్రత్త పడ్డ మనిషి ఆ సాయంత్రం చేసిన పని ఏమిటంటే, దేవుడి అర దగ్గర ప్లగ్గు పనిచేయడం లేదని సూయెన్ ఫోన్‌ను బయట బల్ల దగ్గరి ప్లగ్గులో పెడదామనుకున్నాడు. ఒక చేతిలో గంజి గిన్నె, ఇంకో చేతిలో పళ్ళెం. ఫోన్‌కు మూడో చెయ్యి లేదు. అందుకని దాన్ని పళ్ళెంలోనే, చెరుకు ముక్కలకూ ఆత్మల కోసం కాల్చే కాగితపు బట్టలకూ మధ్య పెట్టి, గుమ్మం ముందు స్టూలు మీద దించాడు. ముందు అగరుబత్తి వెలిగించి దణ్ణం పెట్టుకుని, తర్వాత ఫోన్ సంగతి చూద్దామనుకున్నాడు.

దణ్ణం పూర్తికాలేదు. పక్క వీధుల నుంచి వచ్చి కాచుకుని ఉన్న గుంపు ఒక్కసారిగా మీద పడింది. కియెత్ కళ్ళు తెరిచేసరికి గంజి గిన్నె, ఖాళీ పళ్ళెం తప్ప ఏమీ మిగల్లేదు.

"దొంగ! దొంగ!" అని అరుస్తూ సందు చివర నిలబడ్డ పోలీసాయన దగ్గరికి పరుగెత్తాడు.

ఆయన నింపాదిగా విన్నాడు. "ఫోన్ పళ్ళెంలో పెట్టింది ఎవరు?"

"నేనేనండీ."

"అగరుబత్తి వెలిగించింది?"

"అదీ నేనే."

"ఏడో నెలలో పళ్ళెంలో పెట్టి, అగరుబత్తి వెలిగించి, లాక్కుపోయాక దొంగతనమంటే ఎలా పెద్దాయనా? ఫోన్లు పెట్టేవాణ్ణి ఈ వీధిలో నిన్నే చూశాను. ఈ ఏడు నీకు బేరాలే బేరాలు పో!"

ఇక లువాయే దిక్కు. ఆమె కియెత్ ఫోన్లోంచే పోయినదాన్ని 'పోయింది' అని గుర్తు పెట్టింది. "దాని తెర మీద కనబడేలా ఏదైనా రాయండి బాబాయ్. ఫోన్ పోయింది, దొరికినవాళ్ళు ఈ నంబరుకు చేయండి, అని రాస్తారు అందరూ."

కియెత్ చాలాసేపు ఒక్కొక్క అక్షరం వెతుక్కుని, 'సూయెన్, ఇంటికి వచ్చెయ్' అని రాసి, కింద ఇంటి నంబరూ సందు పేరూ రాశాడు. ఫోన్ నంబరు రాయాలని అతనికి తోచలేదు. సూయెన్‌కు అతని నంబరు తెలుసు కదా.

అప్పుడే మ్యాప్‌లో ఆవిడ చుక్క కదిలింది. కియెత్ సందులోకి పరుగెత్తుకొచ్చి, "సూయెన్ వంతెన దాటింది!" అని కేకపెట్టాడు.

ఎదురింటి గుమ్మంలో కాఫీ అమ్ముకునే హ్వే చేతిలోంచి గ్లాసు జారిపడింది. సూయెన్ దహనానికి తెల్లబట్ట కట్టుకుని వెళ్ళినవాళ్ళలో ఆవిడా ఉంది.

"ఎవరు దాటారన్నావు అన్నా?"

"సూయెనే. కాలవ అవతల ఎనిమిదో జిల్లా వైపు పోతోంది!"

హ్వే మేడ మీద గదిలో క్వీ అనే కుర్రాడు కొత్తగా అద్దెకు దిగాడు. మోటారుసైకిల్ మీద జనాన్ని దింపి బతుకుతాడు. సందులో ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో అతనికింకా తెలీదు. భార్య వంతెన దాటి వెళ్ళిపోయిందని ఓ పెద్దమనిషి గోలపెడుతుంటే అతనికి ఒకటే అర్థమైంది.

"ఎక్కండి బాబాయ్, పిన్నిని పట్టుకుందాం," అంటూ హెల్మెట్ అందించాడు.

చినుకులు మొదలయ్యాయి. కియెత్ వెనక కూర్చుని, రెయిన్‌కోటు కింద ఫోన్ పెట్టుకుని దారి చెబుతున్నాడు.

"ఇప్పుడెక్కడుంది బాబాయ్?"

"కరవోకే పాటలు పాడుకునే కొట్టు దగ్గర ఆగింది."

క్వీ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "పోనీలెండి. మంచి గొంతా?"

"గొంతా? గిన్నెలు తోముతూ పాడేది. సందంతా కిటికీలు మూసుకునేవారు."

"వెళ్ళిపోయి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు."

"మూడేళ్ళా! ఇన్నాళ్ళూ ఊరుకుని ఇవాళ బయల్దేరారా?"

"అప్పుడు ఎక్కడికి వెళ్ళిందో తెలీలేదు బాబూ. ఇవాళ తెలుస్తోంది."

అసలు సంగతి చెప్పడానికి కియెత్ రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ క్వీ సూయెన్ గురించి ఇంకేదో అడిగాడు. ఏం వండేది, కోపమొస్తే మాట్లాడేదా మానేసేదా, ఎందుకు అలిగింది? మూడేళ్ళుగా కియెత్‌ను ఎవరూ అలాంటివి అడగలేదు. ఆవిడ పేరెత్తితే సందులో వాళ్ళు గొంతు తగ్గించి మాట మార్చేస్తారు. వానలో తడుస్తూ, తప్పని తెలిసీ, అన్నిటికీ జవాబు చెప్పాడు. అలా వెళ్తున్నంతసేపూ అతనికి హాయిగానే ఉంది.

"దొరికాక తిట్టకండేం," అన్నాడు క్వీ.

"తిట్టను."

పాటల కొట్టు దగ్గరికి చేరేసరికి చుక్క బజారు దగ్గరుంది. బజారుకు చేరేసరికి కాలవ గట్టునుంది. కియెత్ కాలుగాలిన పిల్లిలా గట్టంతా తిరిగాడు. మ్యాప్‌లోంచి ఆ పేరు పోతే రేపు కూర గిన్నెకు దేన్ని ఆనించుకోవాలో అతనికి తెలీలేదు. విమానం బొమ్మ నొక్కారేమో అనుకుంటూ మళ్ళీ చూశాడు. చుక్క వెలుగుతూనే ఉంది. పైగా వంతెన మీద, వచ్చిన దారినే వెనక్కి పోతోంది.

తెర మీది మాట చదివినవారెవరో అందులోని ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరారన్నది కియెత్‌కు వెంటనే తట్టలేదు. తట్టగానే హ్వేకు ఫోన్ చేశాడు.

"హ్వే, సూయెన్ ఇంటికొస్తోంది! వంతెన మనవైపు దిగింది. నేను వచ్చేసరికి ఆలస్యమవుతుంది, నువ్వు కాస్త చూసుకో. వానలో బాగా తడిసి ఉంటుంది పాపం!"

అటునుంచి తలుపు మూసి గొళ్ళెం వేసిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆ తర్వాత దూరంగా ఇంకో తలుపు, దాని వెనక ఇంకోటి.

సందు మొదట్లో క్వీకి బేరం తగిలింది. కియెత్‌ను దింపి, "శుభం బాబాయ్" అని వెళ్ళిపోయాడు. సందులో దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. రోజూ ఆ వేళకు కాఫీ గ్లాసులతో, పేకాటతో, కేకలతో కాలు పెట్టడానికి చోటుండదు. ఇప్పుడు పిల్లి కూడా లేదు. ప్రతి గుమ్మం ముందూ గాభరాగా గుచ్చిన అగరుబత్తులు మాత్రం వానకు చుయ్యిమంటున్నాయి.

కియెత్ గుమ్మం ముందు స్టూలు మీద, ఖాళీ పళ్ళెంలో, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోన్ ఉంది. తెచ్చినవారు ఎంతసేపు తలుపులు కొట్టి, ఎవరూ తీయక ఇక్కడ పెట్టి పోయారో తెలీదు. సంచి పక్కన చెరుకు ముక్క కూడా ఉంది. తీసుకున్నది తిరిగిచ్చేద్దామనుకున్నారు కాబోలు. సందులో చెప్పులు బయట విడిచినా పట్టుకుపోయే ఘనులున్నారు. ఆ ఫోన్ జోలికి మాత్రం ఒక్కరూ రాలేదు.

హ్వే తలుపు వెనక నుంచి సన్నని గొంతు వినిపించింది. "అన్నా... వచ్చిందా?"

కియెత్ తన ఫోన్ తీసి చూశాడు. రెండు పేర్లూ ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకే గుమ్మం మీద ఉన్నాయి. అతనికి ఏడుపొచ్చింది. వాన కురుస్తోంది గనక ఆపుకోవాల్సిన అవసరం కనబడలేదు.

"వచ్చింది."

"ఇంకా ఉందా?"

"ఉంది, హ్వే."

మరి తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు పోలీసాయన చెప్పినట్టే బేరాలు వచ్చిపడ్డాయి. సందులో అందరికీ కొత్త గొళ్ళేలు కావాలిట, అదీ ఆ పూటకే. ఎందుకని కియెత్ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. అన్నీ బిగించి బల్ల దగ్గర కూర్చున్నాడు. క్వీ మోటారుసైకిల్ బయటికి తీస్తూ ఆగాడు.

"పిన్ని వచ్చిందా బాబాయ్?"

"వచ్చింది. లోపలుంది."

"మళ్ళీ వెళ్ళిపోదు కదా?"

"వెళ్ళదు. ఛార్జింగ్‌లో పెట్టాను."

క్వీ ఆ సాయంత్రమే ఇంకో సందులో గది చూసుకున్నాడు.