పునీత బుట్టలో ఏముంది?

బుధవారం ఉదయం పది గంటలలోపు నేవియో చేయవలసిన పనులు: చర్చి పెద్ద తలుపు బందులకు నూనె వేయాలి. పునీత ఓర్సొలీనా అనే క్రైస్తవ సాధ్వి చిత్రపటం ముందున్న బెంచీలు తుడవాలి. పావురాలను తరిమేయాలి. నాణెం వేస్తే పటం మీద కాసేపు దీపం వెలిగించే పెట్టె ఇరుక్కోకుండా చూసుకోవాలి. ఓ నలభై మందిని పోగు చేయాలి.

మొదటి నాలుగూ ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేస్తున్నవే. ఐదోదే కొత్తది. ఇటలీలో ఫెరారా ఊళ్లోని ఆ చిన్న చర్చికి ఆదివారం పూజకు పదకొండు మంది వస్తారు. వాన పడితే పదమూడు మంది. మిగతా రోజుల్లో తలుపు తీసేదీ, గంట కొట్టేదీ, మళ్లీ తలుపు వేసేదీ నేవియో ఒక్కడే. పెళ్లాం పోయాక అతను పొద్దున్నే నోరు విప్పి మాట్లాడేది కూడా ఆ పటంలోని పునీతతోనే.

ఇప్పుడు ఆ పటానికే ముప్పు వచ్చింది. ఊళ్లోని మ్యూజియం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ‘సదరు చిత్రపటం వద్ద సందర్శకుల రద్దీ విషయమై బుధవారం ఉదయం పది గంటలకు పరిశీలన జరిపి, దానిని యథాస్థానమున ఉంచుటయా, మ్యూజియమునకు తరలించుటయా నిర్ణయింపబడును’ అని అందులో ఉంది. నేవియో మూడుసార్లు చదివాడు. ప్రతిసారీ కిందటిసారి కన్నా తక్కువ అర్థమైంది. చివరికి అక్క ఆర్జియా చేతిలో పెట్టాడు.

"ఇందులో తెలియందేముందిరా?" అంది ఆర్జియా కళ్లజోడు సవరించుకుని. "రద్దీ ఉందా లేదా అని చూడ్డానికొస్తారు. లేకపోతే పటం ఎత్తుకుపోతారు."

"మన దగ్గర రద్దీ ఎక్కడిదక్కా?"

"లేకపోతే తెస్తాం. నువ్వు బెంచీలు తుడుచుకో, జనం సంగతి నాకొదిలెయ్."

ఆమె సైకిలెక్కి వీధి వీధీ తిరిగింది. తొమ్మిదిన్నరకల్లా రొట్టెల గ్వెరీనో, చేపలమ్మే మఫాల్దా, మందుల షాపు వాళ్లు, పేకాట బల్ల మీంచి లేపుకొచ్చిన నలుగురు ముసలాళ్లు, అందరూ చర్చిలో ఉన్నారు. ఆర్జియా బెంచీ ఎక్కి పాఠం చెప్పింది.

"నోరు కొంచెం తెరిచి, మూడు నిమిషాలు పటం కేసి చూడండి. తర్వాత పక్క తలుపులోంచి బయటికెళ్లి, పెద్ద తలుపులోంచి కొత్త మనుషుల్లా రండి. గ్వెరీనో, నువ్వు టోపీ మార్చుకుని రా."

అప్పుడే లోపలికొచ్చిన బూడిదరంగు కోటు ఆవిడ మీద ఆమె చూపు పడింది.

"ఏమ్మా, నిన్నే! అలా దిక్కులు చూస్తావేం? ఎవరి కోడలివి?"

"ఎవరి కోడల్నీ కాదండీ."

"పోనీలే, దానికేం. నోరు తెరువు."

ఆవిడ నోరు తెరిచింది. మూడు నిమిషాలయ్యాక పక్క తలుపులోంచి వెళ్లి, పెద్ద తలుపులోంచి బుద్ధిగా మళ్లీ వచ్చింది కూడా.

అంతా సవ్యంగానే సాగేది. కానీ గ్వెరీనో నాణెం వేశాడు. దీపం వెలిగింది. నోరు తెరుచుకుని చూడమంటే అతను నిజంగానే చూశాడు.

"ఒరే నేవియో! పునీత చేతి బుట్టలో ఉన్నది మన రొట్టేరా! నాలుగు కొమ్ముల రొట్టె. మా తాత చేసినట్టే ఉంది!"

"రొట్టా నీ మొహమా!" అంది వెనక నుంచి మఫాల్దా. "అది మలుగు చేప. పాములా చుట్ట చుట్టుకుని పడుకుంది. తోక కనబడట్లేదూ?"

"మలుగుకి కొమ్ములుంటాయా?"

"నీ రొట్టెకి కళ్లుంటాయా?"

దీపం ఆరిపోయింది. చీకట్లో కూడా వాదన ఆగలేదు. ఎవరో ఇంకో నాణెం వేశారు. పేకాట ముసలాళ్లు రెండు జట్లుగా విడిపోయారు. కేకలు విని దారిన పోయేవాళ్లు సైకిళ్లు గోడకానించి లోపలికొచ్చారు. ఏమైందని అడిగినవాడు పటం చూశాడు. చూసినవాడు ఏదో ఒక పక్షం చేరాడు. అరగంటలో బయట సైకిళ్లకు చోటు లేదు, లోపల మనుషులకు ఊపిరాడట్లేదు. లెక్కపెడుతున్న నేవియో డెబ్భై దగ్గర ఆనందం పట్టలేక లెక్క తప్పాడు.

"నేవియో, నువ్వు చెప్పు!" అన్నాడు గ్వెరీనో. "రోజూ చూసేవాడివి. రొట్టా, మలుగా?"

నేవియో బుర్ర గోక్కున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అతను పునీత మొహం తప్ప ఏదీ చూడలేదు. బుట్ట ఉందన్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

బూడిదరంగు కోటు ఆవిడ చేతిలో ఏదో చిన్న యంత్రం కీచుమంది.

"నేవియో గారంటే మీరేనా? నేను మ్యూజియం నుంచి వచ్చాను."

ఆర్జియా నోరు ఈసారి ఎవరూ చెప్పకుండానే తెరుచుకుంది. నేవియో మాత్రం పొంగిపోయాడు.

"చూశారుగా మేడమ్, రద్దీ!"

"చూశాను. అదే వచ్చిన చిక్కు," అందామె. "ఇంతమంది ఊపిరికి గాల్లో తేమ పెరుగుతుంది, ఈ యంత్రం కొలిచేది అదే. ఆ తేమకి పటం రంగు పెచ్చులూడుతుంది. రద్దీ ఎక్కువుంటే మా దగ్గర అద్దం వెనక పెడతాం. ఎవరూ రాని చర్చి అని విని, ఇక్కడే ఉంచమని రాద్దామనుకున్నాను."

నేవియో చేతులు అడ్డంగా ఊపాడు. "మేడమ్, వీళ్లెవరూ నిజం కాదు! మా అక్క పోగేసిన జనం!"

"తెలుసండీ. నన్నూ రెండుసార్లు రప్పించింది," ఆమె నవ్వింది. "కంగారు పడకండి. ఈ ఒక్కరోజు ముచ్చటైతే లెక్కలోకి రాదు. రేపట్నుంచి ఎవరూ రారు కదా?"

"రారు! ఒట్టు మేడమ్. వీళ్లలో ఒక్కడు కూడా మళ్లీ ఈ గుమ్మం తొక్కడు!"

ఆమె కలం మూత తీసింది.

"ఎవడ్రా తొక్కనిది?" గ్వెరీనో గొంతు ఖంగుమంది. "రేపు మా బావమరిదిని తెస్తున్నా. వాడు ముప్ఫై రకాల రొట్టెలు చేస్తాడు!"

"తెచ్చుకో. నేను కొమాకియో నుంచి మలుగులు పట్టేవాళ్లందర్నీ దింపుతా!" అంది మఫాల్దా. "తేలేదాకా రోజూ వస్తాం. ఏమ్మా, ఎవరి కోడలూ కాని తల్లీ, పొద్దున ఎన్నింటికి తెరుస్తారో అది కూడా రాసుకో!"

ఆమె రాసుకుంది. ఇంకో రెండు ముక్కలు కూడా రాసుకుంది.

పటం వారంలోపే మ్యూజియం చేరింది. కింద పలకమీద ‘బుట్టతో పునీత, బుట్టలోని వస్తువు తెలియరాలేదు’ అని చెక్కారు. దాంతో ఊళ్లోని సగం మంది మ్యూజియం గుమ్మం మొదటిసారి ఎక్కారు. అందరికన్నా ముందొచ్చి, అందరికన్నా చివర వెళ్లే మనిషి మాత్రం బుట్ట కేసి ఇప్పటికీ చూడడు. మీరెప్పుడైనా ఫెరారా వెళ్లి ఆ గదిలో నిలబడితే, నేవియోను ఒక్కసారి తలుచుకోండి; అద్దమున్నా సరే, ఊపిరి కాస్త పొదుపుగా పీల్చండి.