అత్తగారిని ఫోన్ బయటికి పొమ్మంది

కూతురికి నెలలు నిండాయంటే ఏ తల్లికైనా కంగారే. ఈ తల్లికైతే కూతురు తుమ్మినా కాన్పే అనిపించేది.

దానికితోడు ఆసుపత్రివాళ్లు ఓ మెలిక పెట్టారు. కాన్పు గదిలోకి తోడు ఒక్కరే. ఆ ఒక్కరూ ముందుగా ఫోన్‌లో ఓ ఆట గెలవాలి. తెరమీద బొమ్మ గర్భిణికి నడుం రాయాలి, నీళ్లివ్వాలి, ధైర్యం చెప్పాలి. బొమ్మ బెదిరిందా, ఓడినట్టే.

అల్లుడు తాళాలు బాగుచేస్తాడు. వేలు గీసుకుపోతేనే కళ్లు తిరిగి గోడ పట్టుకునే రకం. "ఈ ధీరుడా నా పిల్లకి తోడు!" అనుకుంది ఆవిడ. అతను స్నానానికి వెళ్లగానే అతని ఫోన్ తీసింది. తనే గెలిచి తనే లోపలికి వెళ్లాలని పథకం.

బొమ్మ మూలిగింది.

"అయ్యో తల్లీ, అలా పాలిపోయావేంటే! ఏమవుతుందో ఏమో!"

"దయచేసి బయట కూర్చోండి," అంది ఫోన్.

మర్నాడు నోరు మూసుకుని ఆడింది. ఫోన్‌కి ఆవిడ లోలోపలి ఏడుపు కూడా వినిపించినట్టుంది, మళ్లీ బయటికే పొమ్మంది.

అల్లుడేమో సాయంత్రాలు పక్కన చేరి, "అత్తయ్యా, బిడ్డ అడ్డం తిరిగితే?" అనేవాడు. ఆవిడ వణకగానే మంచినీళ్లిచ్చి, "ఏం కాదు, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి," అనేవాడు. పిరికివాడైనా మర్యాదస్తుడే అనుకుంది.

నొప్పులు రానే వచ్చాయి. అల్లుడు ఆటో తెచ్చేలోపు ఆవిడ సంచీ అనుకుని దిండు చంకన పెట్టుకుని, వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవి కాలవలో జారవిడిచింది. కూతురు ఇంకా లోపలే ఉంది!

"ఏవండీ, తీస్తారా, ఇక్కడే కనెయ్యనా?" అని లోపల్నుంచి అరిచింది, ఆటో చప్పుడు వినగానే.

"ఒక్క క్షణం ఆగవే!"

"ఆ మాట మీ బిడ్డతో చెప్పండి!"

అతను తీగముక్కతో తాళం ఊడదీశాడు. దారంతా ఒక చేత్తో పెళ్లాం నడుం రాస్తూ, రెండో చేత్తో అత్తగారికి నీళ్లు పట్టాడు.

"నొప్పులెవరికి?" అంది ఆసుపత్రిలో నర్సు, తల్లీకూతుళ్లిద్దర్నీ చూసి. తర్వాత అతని ఫోన్ చూసింది. "అబ్బో, ఆఖరి లెవెల్ కూడా దాటేశారే!"

"అదేంటమ్మా?" అంది ఆవిడ.

"గర్భిణి వాళ్ల అమ్మని ఊరుకోబెట్టడం."

ఆవిడ అల్లుడివైపు తిరిగింది. "అయితే ఆ సాయంత్రాలన్నీ..."

"ఆయన్నేం అనకమ్మా, నీమీద సాధన చెయ్యమన్నది నేనే," అంది కూతురు, నొప్పిలోనూ నవ్వుతూ. "నీ భయం చూస్తే నాకూ భయమేస్తుందే."

అల్లుడు కూతురితో లోపలికి వెళ్లాడు. ఆవిడ దిండు కావిలించుకుని బయటే కూర్చుంది.

కొంతసేపటికి తలుపు తెరుచుకుంది. "ఆడపిల్ల అత్తయ్యా! ఇద్దరూ బావున్నా..." అంటూనే అల్లుడు నేలమీద వాలిపోయాడు.

ఆవిడ అతని తలకింద దిండు పెట్టి, ముఖాన నీళ్లు చల్లింది. "ఏం కాదు నాయనా, నెమ్మదిగా ఊపిరి తీసుకో." గొంతులో వణుకు లేదు. తనకే ఆశ్చర్యమేసింది. ఇదే సందని నర్సుని అడిగింది: "మరి ఇప్పుడు లోపలికి తోడు నేను రానా?"

"దయచేసి బయట కూర్చోండి," అంది నర్సు.